కళ్ళజోళ్ళాయన కూతురు

కొత్త సీజను మొదలయ్యే రోజు పొద్దున్నే కళ్ళజోళ్ళాయన చిరాగ్గా ఉన్నాడు. నిజానికి ఆ చిరాకు పోయిన సీజను ఆఖరి మ్యాచి నుంచీ ఉన్నదే. ఊరి ఫుట్‌బాల్ జట్టు కింది డివిజనుకి పడిపోకుండా వెంట్రుకవాసిలో బయటపడింది. ఇకనైనా బుద్ధి తెచ్చుకోవాల్సిన యాజమాన్యం, గోల్స్ కొట్టే ఒక్కగానొక్క కుర్రాణ్ణి ఎవరికో వదిలేసి చేతులు దులుపుకుంది. గోల్‌కీపరుకి మోకాలు నొప్పి. కొత్త కోచ్ పత్రికల వాళ్ళతో తప్ప ఆటగాళ్ళతో మాట్లాడడని వినికిడి. ఇవన్నీ ఆయన కాఫీ తాగుతూ భార్యకి చెప్పాడు. ఆవిడ నిన్నా విన్నది, మొన్నా విన్నది.

"అంత బాధైతే వెళ్ళడం మానెయ్యండి," అంది.

"మానేస్తే ఎలా? ఈసారి బాగుపడతారేమో."

పాపం, ఆ ఒక్క మాటే ఏటా ఆయన్ని ముంచుతుంది.

బజారులో ఆయనకి కళ్ళజోళ్ళ కొట్టు ఉంది. అందుకని స్టేడియంలో తూర్పు గ్యాలరీ మొత్తానికీ ఆయన "డాక్టరు గారు". రిఫరీ నిర్ణయం నచ్చనప్పుడల్లా లేచి నిలబడి, "మా కొట్టుకి రావయ్యా, కళ్ళజోడు ఊరికే ఇస్తా" అని అరవడం ఆయన మొదలుపెట్టిన ఆనవాయితీ. ఆ వెంటనే గ్యాలరీ అంతా "కళ్ళజోడు, కళ్ళజోడు" అంటూ చప్పట్లు కొడుతుంది. పక్క సీటు కూతురిది. చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని, ఆ అరుపు ఆయనకంటే ముందే అరిచేది. బంతి అందకముందే అవతలి జట్టు ఆఖరి డిఫెండరుని దాటి నిలబడితే ఆఫ్‌సైడ్, ఆ గోలు చెల్లదు; అది చూడటం కూడా ఆయనే నేర్పాడు. బంతిని చూడకు, ఆఖరి డిఫెండరు కాళ్ళు చూడు అని.

ఆ కూతురు ఇప్పుడు నల్లచొక్కా, నల్ల నిక్కరు వేసుకుని, చేతిలో చుట్టిన జెండాతో గదిలోంచి బయటికి వచ్చింది.

"నాన్నా, ఇవాళ నీ పక్కన కూర్చోను. కింద లైను దగ్గర ఉంటాను."

ముందు వేళాకోళం అనుకున్నాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది. ఆటలు లేని ఈ నెలల్లో రిఫరీ పరీక్ష రాసి పాసైంది. ఒళ్ళు తగ్గడానికి పరిగెడుతోందని ఆయన అనుకున్న సాయంత్రాలన్నీ దానికోసమే. ఇవాళ వేరే ఊరు వెళ్ళాల్సింది. ఇక్కడి లైన్ రిఫరీకి జ్వరం రావడంతో, పొద్దున్నే ఫోను చేసి ఆమెని ఇక్కడికే రమ్మన్నారు. అది మా ఊరి జట్టండీ అని ఆమె చెప్పి చూసింది. ఇంకెవరూ లేరన్నారు.

ఆయన గ్లాసు బల్లమీద ఠకీమని పెట్టాడు. "లోకంలో ఇంకే పనీ దొరకలేదా నీకు? వాళ్ళని ఎంతెంత మాటలంటారో తెలుసా?"

"తెలుసు. నీ పక్కనే కూర్చుని విన్నాను."

ఆయనకి ఒళ్ళు మండింది. జట్టు నిలువునా ముంచింది చాలక సొంత కూతురు కూడా అవతలి గట్టున చేరిందన్నాడు. చెప్పకుండా ఇన్నాళ్ళు దాచిందన్నాడు. సీజను మొదటిరోజే పక్క సీటు ఖాళీ అంటే ఇంకేం బాగుపడుతుందన్నాడు. ఆమె అన్నీ విని, గుమ్మం దగ్గర ఆగింది.

"ఒక్కటి అడుగుతాను. ఇవాళ నువ్వు రాకు. జనం ఏమన్నా పడతాను. నీ గొంతు వినబడితే మాత్రం నా చెయ్యి లేవదు."

ఆమె వెళ్ళిపోయింది. తల్లి కలిపిన కాఫీ కూడా ముట్టుకోలేదు. కాసేపటికి ఆయన జట్టు కండువా మెడలో వేసుకుంటుంటే భార్య అడ్డం నిలబడింది.

"వెళ్తున్నారా?"

"నా జట్టు మొదటి మ్యాచికి నేను వెళ్ళకపోవడమేంటి?"

"వెళ్ళండి. నోరు మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళండి."

గ్యాలరీలో పక్క సీటు మీద గొడుగు పెట్టాడు, ఎవరూ కూర్చోకుండా. వెనక వరసలోని బస్సు కండక్టరు, మీ అమ్మాయి రాలేదేమని అడిగితే పనుందన్నాడు. సరిగ్గా వాళ్ళ ముందే, గీత వెంబడి ఆమె అటూ ఇటూ పరిగెడుతోంది. గ్యాలరీకి కనబడేది వీపే కాబట్టి ఎవరూ పోల్చుకోలేదు. ఆయన ఆట చూస్తున్నాడన్న మాటే గానీ చూపంతా ఆ వీపు మీదే. గోల్‌కీపరు మోకాలు అనుకున్నంతా చేసింది, జట్టు ఒక గోలు వెనకబడింది.

ఆట చివరికొస్తుండగా కొత్త కుర్రాడు బంతిని నెట్‌లో పెట్టాడు. గ్యాలరీ అంతా ఎగిరి గంతేసింది. అప్పుడు జెండా లేచింది.

బంతి ముందుకి వెళ్ళిన క్షణంలో మాత్రం అలవాటు కొద్దీ ఆయన డిఫెండరు కాళ్ళే చూశాడు. కుర్రాడు అర అడుగు ముందున్నాడు. సందేహమే లేదు. కానీ సొంత జట్టు గోలు ఆఫ్‌సైడని ఆయన జన్మలో ఒప్పుకున్నది లేదు.

"డాక్టరు గారూ, లేవండి. అందరూ మీకోసమే చూస్తున్నారు," అన్నాడు కండక్టరు.

ఆయన లేవలేదు. ఇంకెవరో అందుకున్నారు. "మా కొట్టుకి రా" అన్న ఆయన మాటలే వందల గొంతుల్లో కూతురి వీపు మీద పడ్డాయి. ఇన్నేళ్ళూ సరదా అనుకున్న అరుపు ఇంత మోటుగా ఉంటుందని ఆయనకి తెలియదు. ఆమె తిరిగి చూడలేదు. జెండా నిటారుగానే ఉంది.

ఆయన లేచి వెనక్కి తిరిగాడు. "ఆఫ్‌సైడే. నేను చూశాను."

"మీరు కూడా అటు చేరిపోయారా?" అన్నాడు కండక్టరు.

"ఆ కళ్ళు నేను పరీక్ష చేసినవే. వాటికి కళ్ళజోడు అక్కర్లేదు."

ఆ మాట ఆ గోలలో నాలుగు వరసలు కూడా దాటలేదు. దాటినంత మేరా ఆయన్ని వెక్కిరించారు. జట్టు ఓడిపోయింది.

ఇంటికొచ్చి కోచ్‌ని తిడుతూ కూర్చున్నాడు. చీకటి పడుతుండగా కూతురు వచ్చి, గుమ్మంలోనే కూర్చుని ఒక బూటు విప్పుకుంది. తల్లి మంచినీళ్ళు ఇచ్చింది.

"రావద్దన్నాను కదా నాన్నా. గొడుగు చూశాను."

"నా జట్టు. వస్తాను," అన్నాడు ఆయన ముభావంగా. గ్యాలరీలో జరిగింది మాత్రం చెప్పలేదు.

ఆమె లేసు చేతికి చుట్టుకుంటూ అంది. "వాళ్ళంతా అరుస్తుంటే ఒక్క గొంతు కోసమే చెవులు రిక్కించాను. ఎంత విన్నా అది లేదు. అందుకే జెండా దించలేదు."

అంతవరకు బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చేసింది ఆమెకి. ఆయన వెళ్ళి పక్కన గడప మీద కూలబడ్డాడు. ఏం చెయ్యాలో తెలియక ఆ రెండో బూటు ఆయనే విప్పాడు.

"వచ్చే వారం ఎక్కడ?"

"పక్క ఊళ్ళో. ఆ రోజు మన జట్టుకి ఇక్కడ ఆట ఉంది కదా, నువ్వెలా వస్తావు?"

ఆయనకి మళ్ళీ జట్టు మీద కోపం ముంచుకొచ్చింది, దానితో పాటే కళ్ళనీళ్ళు కూడా.

"ఓడిపోవడమేగా," అన్నాడు. "ఆ పని వాళ్ళు నేను లేకుండా కూడా చెయ్యగలరు."