కోసేసిన అంచు

నవంబరు వాన తిరుపతిని మూడో రోజు కూడా వదల్లేదు. మధ్యాహ్నం మూడున్నరకే ఇల్లు మసకబారింది, కరెంటు పోయింది, కొండ కనపడడం ఎప్పుడో మానేసింది. మునిశేఖర్ హాల్లో బల్ల ముందు కూర్చుని, రేపటి సభలో చదవాల్సిన ఉపన్యాసం దిద్దుకుంటున్నాడు. అందులో నిజాయితీ అనే మాట ఐదుసార్లు వచ్చింది. ఇంకోసారి వేసినా బాగానే ఉంటుందనుకున్నాడు.

ఆయన డ్రాయింగు మేష్టారుగా రిటైరయ్యాడు. ముప్పై ఏళ్లుగా ఒకటే పిచ్చి, పాతకాలపు రాజకీయ ఎగతాళి బొమ్మలు. తెల్లదొరల రోజుల్లో రాతి మీద గీసి, కాగితానికి అచ్చొత్తి, సంతల్లో అమ్మినవి. జమీందారుకి పంది మొహం ఉంటుంది. బోర్డు ప్రెసిడెంటు పొట్ట బండిచక్రమంత ఉంటుంది. నవ్వినవాళ్లూ పోయారు, నవ్వులపాలైనవాళ్లూ పోయారు, కాగితాలు మాత్రం మునిశేఖర్ సొరుగుల్లో మిగిలాయి. రేపు పొద్దున వాటి ప్రదర్శన. అదే వేదిక మీద ఆయన తాత, స్వాతంత్ర్య యోధుడు గోవిందు నాయుడి విగ్రహం ముసుగు తీయడం కూడా.

ప్రదర్శనలో అన్నిటికన్నా గొప్ప బొమ్మ నెల కిందట వడమాలపేటలో దొరికింది. ఆనందమ్మ అనే రిటైరైన నర్సు దాన్ని ట్రంకుపెట్టెలో, పాత బైబిలు కింద దాచుకుంది. బోర్డు ప్రెసిడెంటు ముందు ఊరేగింపు. ఎడమ చివర ఖద్దరు టోపీ మనిషి. కుడిచేతిలో జెండా. ఎడమచెయ్యి వీపు వెనక నుంచి పోలీసుకి పేర్ల జాబితా అందిస్తోంది. కింద అంచు మీద చిన్న అక్షరాల్లో ‘జోయల్, పుత్తూరు’.

“మా తాత యేసిన బొమ్మ సార్ ఇది” అంది ఆనందమ్మ. “దీనికోసరమే పట్టకపోయి సేతులు ఇరగ్గొట్టినారంట. ఆర్నెల్లకే పోయినాడు. ఈ టోపీ ఆయన ఎవురో నాకు తెల్దు. మా తాత పేరు మాత్రం నలుగురూ సదవాల. అంతే సార్ నాకు.”

మునిశేఖర్ అప్పటికే ఆ టోపీ మనిషి చెవి చూశాడు. తమ్మె రెండుగా చీలి ఉంది. అలాంటి చెవే ఆయన హాల్లో, దండ వేసిన తాత ఫోటోలో ఉంది.

“ఆ పేరు లేకుండా బయట పెట్టనక్కా” అని బైబిలు మీద చెయ్యి పెట్టి మరీ చెప్పాడు.

ఇంటికొచ్చి బ్లేడు తీశాడు. చెదలు తిన్న అంచుల్ని కోసి సరిచేయడం ఈ పిచ్చి ఉన్నవాళ్లందరూ చేసేదే, ఎవరూ అడగరు. ఎడమ పక్క మూడు వేళ్ల వెడల్పు కోశాడు. కింద అంచూ కోశాడు. తాతా పోయాడు, జోయలూ పోయాడు. రెండు ముక్కల్నీ గ్యాసు పొయ్యి మీద కాల్చి, చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. సిగ్గు వేసిందా అంటే వేసింది. ఆకలి కూడా వేసింది.

ఇప్పుడు ఉపన్యాసం పక్కన పెట్టి, బొమ్మ ఇంకోసారి చూసుకుందామని సొరుగు లాగాడు. తడి రాయి వాసన వచ్చింది. దాని వెనకే అవిసె నూనె వాసన, పాత అచ్చాఫీసుల్లో ఉండేది.

బొమ్మ మీద పొద్దున తానే కప్పిన తెల్లకాగితం తెల్లగా లేదు.

పాత సిరాకి ఆనుకుని ఉన్న కాగితానికి గోధుమరంగు నీడ దిగడం మామూలే. దానికి యాభై ఏళ్లు పడుతుంది, ఒక్క పూట చాలదు. పైగా ఈ నీడలో కోసేసిన అంచు కూడా ఉంది. జెండా ఉంది. జాబితా ఉంది. చీలిన చెవి ఉంది.

దాన్ని ఉండచుట్టి, ఇంకో కాగితం కప్పి, సొరుగు నెట్టేశాడు.

లోపల ఏదో దొర్లింది. గర్ర్... గర్ర్... బరువైన రోలరు తడి రాయి మీద పోయి వచ్చినట్టు.

ఆగింది.

సొరుగు మళ్లీ తెరిచాడు. ఈసారి నీడ నల్లగా, తడిగా ఉంది. అప్పుడు గమనించాడు. నీడైతే అద్దంలో లాగా తిరగబడి పడాలి. ఇందులో జెండా కుడిచేతిలోనే ఉంది. అక్షరాలు తిన్నగా ఉన్నాయి. ఇది నీడ కాదు. ఎవరో రాయి మీద నుంచి అచ్చు తీస్తున్నారు.

చెవి పక్కన ఊపిరి తగిలింది.

“కాగితం పెట్టప్పా.”

పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తెలియదు. గర్ర్... మూడు. ఇంకోటి పెట్టాడు. నాలుగు... ఐదు... ఆరు...

“కాగితం... అయిపోయింది” అన్నాడు గుసగుసగా.

“రాయి కూడా అరిగిపోయినాది” అంది గొంతు. “వేరే రాయి కావల.”

మెడ దగ్గర మొదలై నడుము దాకా, మంచులాంటి తడి బరువు ఒకటి ఆయన వీపు మీద నెమ్మదిగా దొర్లింది.

కేక విని భార్య రేవతి దీపం పట్టుకుని వచ్చింది. చొక్కా విప్పి, దీపం దగ్గరికి పెట్టి చూసింది. వీపంతా బొమ్మ, అచ్చాఫీసు రాతి మీద ఉన్నట్టే తిరగబడి. సబ్బు పెట్టి రుద్దింది, కిరసనాయిలు పెట్టి రుద్దింది. చర్మం లేచింది కానీ సిరా లేవలేదు.

ఆయన జరిగిందంతా చెప్పాడు, బ్లేడు సంగతితో సహా.

“ఆయమ్మకి ఫోన్ చేసి నిజం చెప్పేయండి” అంది రేవతి.

“చెప్పి? మా తాత విగ్రహాన్ని గుజిరీకి వేద్దామా?”

ఆ ఆరు కాగితాల్నీ కాల్చేశాడు. తెల్లారి చూస్తే రాత్రి వేసుకున్న బనియను మీద చిన్న మరక కూడా లేదు. దాంతో ధైర్యం వచ్చింది. తెల్ల చొక్కా మీద నల్లకోటు తొడుక్కుని సభకి పోయాడు. వేదిక మీద కుర్చీలన్నిటికీ తెల్ల టర్కీ టవళ్లు కప్పి ఉన్నాయి. ముందు వరసలో ఆనందమ్మ కూర్చుని ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు. పిలిచినప్పుడు లేచి వెళ్లి, విగ్రహం ముసుగు తాడు పట్టుకున్నాడు.

వెనక సభలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరసల వెంట పాకింది.

ఆయన తిరిగి చూశాడు. తను కూర్చున్న కుర్చీ టవలు మీద గోవిందు నాయుడు నిలబడి ఉన్నాడు, కుడిచేతిలో జెండాతో, వీపు వెనక జాబితాతో.

ఆనందమ్మ లేచి వేదిక దగ్గరికి వచ్చి, కళ్లద్దాలు సర్దుకుని కూడబలుక్కుంటూ చదివింది. “జో... యల్... పుత్తూరు.” ఆ పేరు కింద ఇంకో వరస ఉంది. అసలు బొమ్మలో అది లేదు. ఆ అంచు తన చేత్తోనే కోశాడు కాబట్టి మునిశేఖర్‌కి బాగా తెలుసు.

‘ప్రతులు వెయ్యి.’

నిన్న ఆరు. ఇది ఏడోది. కోటు కింద, మెడ దగ్గర నుంచి, రోలరు మళ్లీ మొదలైంది.