నాలుగో కట్ట

బుధవారం ఉదయం ఏడూ ఇరవై. కొండగట్టు రోడ్డులో వేదవిహార్ రెసిడెన్షియల్ స్కూల్. ఆఫీసులో ఇనుప అల్మారా తెరిచిన సంతోష్‌రావు అలాగే నిలబడిపోయాడు.

పై అర ఖాళీగా ఉంది. ముందురోజు వసూలైన ఫీజు, రెండు లక్షల ఎనభై వేలు, మాయం.

ఎనిమిదీ పదికి ఎస్సై మమతారాణి జీపు దిగేసరికి సగం విచారణ అయిపోయింది. అంటే, వాచ్‌మన్ మల్లన్నకు ఎవరో రెండు చెంపలూ వాయించి జెండా గద్దె మీద కూర్చోబెట్టారు. పేదవాడు చేతికి దొరికాక ఇక దొంగను వెతకడం దేనికన్న ధోరణి ఆమెకు కొత్తేమీ కాదు.

స్కూలు యజమాని ప్రేమ్‌సాగర్‌రావు ఎదురొచ్చాడు.

"దొంగ దొరికిండు మేడమ్. పైసలు కక్కిస్తే సరిపోతది."

"ఎట్ల దొరికిండు?"

"రాత్రి పదింటి నుంచి పొద్దుగాల ఐదింటి దాకా కరెంటు లేదు. కెమెరాలు బందు. మెలకువ మీద ఉన్నది వీడొక్కడే."

మమతారాణి అల్మారా చూసింది. తాళం మీద గీత కూడా లేదు. తాళంచెవితోనే తీశారు. ఆ తాళంచెవి ఉండేది టేబుల్ సొరుగులో. సొరుగుకు తాళమే లేదు.

సంతోష్‌రావు ప్రేమ్‌సాగర్‌రావు అన్న కొడుకు. ఆఫీసు లెక్కలన్నీ అతనివే.

"అల్మారా ఎన్నింటికి బంద్ చేసిన్రు?"

"నిన్న రాత్రి ఏడున్నరకు మేడమ్."

"పైసలు అప్పుడు ఉండెనా?"

"నేనే కాగితంల చుట్టి పెట్టిన. మీద తారీఖు ఏసి సంతకం పెడ్త. రోజూ అంతే."

"తర్వాత ఆఫీసుల ఎవరొచ్చిన్రు?"

"ఎవరు రాలే."

మమతారాణి కెమెరా రికార్డు వేయించింది. ఏడూ ముప్పైకి సంతోష్‌రావు బయటికి వెళ్లాడు. ఏడూ ముప్పై ఐదుకు ఒక ఆడమనిషి చీపురుతో లోపలికి వెళ్లింది. ఎనిమిదీ ఐదుకు బయటికొచ్చింది. పది దాకా ఇంకెవరూ లేరు.

"ఎవరు రాలేదన్నరు?"

"గామె బిస్మిల్లా బీ మేడమ్. ఊడ్వనీకె రోజు వచ్చేదే."

అంటే ఆమె మనుషుల లెక్కలోకి రాదన్నమాట.

మల్లన్న చెంప ఇంకా ఎర్రగానే ఉంది. "గేటు ఇడిసి నేను అడుగు తియ్యలే మేడమ్," అన్నాడు. "ఆఫీసు తాళం సుత నా దగ్గరుండదు. కొండగట్టు అంజన్న మీద ఒట్టు."

అల్మారా కింది అరలో నాలుగు కట్టలు కనిపించాయి. కాగితాలను గొట్టాల్లా చుట్టి, దారంతో కట్టి పెట్టారు. ఒక్కో గొట్టం మీద ఒక్కో పేరు.

"ఇవేంది?"

"టెన్త్ అయిపోయిన పిల్లల టీసీలు మేడమ్. ఫీజు బాకీ ఉన్నోళ్లయి. బాకీ కట్టినంకనే ఇస్తం. కట్టకు ఇరవై ఐదు, నాలుగు కట్టలు. పొద్దుగాలనే ఎంచిన. అన్నీ ఉన్నయి."

టీసీ చేతికి రాకపోతే పిల్ల ఇంకో గడప ఎక్కలేదు. అందుకే వాటిని డబ్బు పెట్టే అల్మారాలోనే దాస్తారు.

మమతారాణి కట్టల్ని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుంది. మూడింటికి రెండేసి ముళ్లు, గట్టిగా బిగించి ఉన్నాయి. నాలుగో దానికి ముడే లేదు. దారం మూడు చుట్లు తిప్పి, కొస లోపలికి దోపి ఉంది. లాగినా వదులు కాలేదు.

ఆమె వేలు ఆ కొస మీదే ఆగింది. ఈ దోపుడు ఆమె మెట్‌పల్లిలో చిన్నప్పుడు రోజూ చూసిందే, అమ్మ ఒడిలో.

కట్ట విప్పింది. ఇరవై నాలుగు పేర్లు చదివింది. మధ్యలో ఉన్న గొట్టం మీద పేరు లేదు. దాన్ని తెరిచి చూసి, కవర్లో పెట్టి, ఎవరితోనూ ఏమీ అనలేదు.

పదకొండేళ్ల సర్వీసులో ఇంత శుభ్రమైన ఆధారం ఆమెకు ఎప్పుడూ చిక్కలేదు. లోపల ఎక్కడో పొంగిపోయింది. ఆ పొంగే కొంప ముంచింది. మునిగిన కొంప మాత్రం ఆమెది కాదు.

పదకొండున్నరకు అందరినీ ఆఫీసులో కూర్చోబెట్టింది. హెడ్ కానిస్టేబుల్ లక్ష్మీరాజం పంచనామా రాస్తున్నాడు. సాక్షులుగా ఇద్దరు టీచర్లు. కబురంది వచ్చిన బిస్మిల్లా బీ తలుపు దగ్గరే నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. వేళ్ల కొసలు జర్దా పొగాకు పట్టి గోధుమరంగుకు తిరిగాయి.

"బీడీలు చుడ్తవా?" మమతారాణి అడిగింది.

"ఇరవై ఏండ్ల సంది మేడమ్."

"కట్టకు ఎన్ని?"

"ఇరవై ఐదు."

"ఒకటి తక్కువైతే?"

"కార్ఖానాల గంప మొత్తం ఎనక్కి కొడ్తరు."

మమతారాణి నాలుగో కట్ట దారాన్ని పైకెత్తి చూపింది.

"నిన్న ఈ కట్టల నుంచి ఒక టీసీ తీసిన్రు. ఇరవై నాలుగు మిగిలినయి. ఇంకెవరన్న అయితే అట్లనే కట్టి పోతుండె. బీడీలు చుట్టే చెయ్యి తక్కువ కట్టను కట్టదు. నేల మీద పడ్డ కాగితం తీసి, చుట్టి, మధ్యల పెట్టి ఇరవై ఐదు చేసింది. ముడి ఎయ్యకుంట కొస దోపింది. మా అమ్మ గూడ బీడీ కట్టలు అట్లనే దోపుతుండె." ఆమె ఆగింది. "బిస్మిల్లా బీ, ఎవరి టీసీ?"

బిస్మిల్లా బీ కొంగు నెత్తి మీదికి లాక్కుంది.

"నా బిడ్డ సుమయ్యది మేడమ్."

"చూసిన్రా," ప్రేమ్‌సాగర్‌రావు లేచాడు. "పని ఇచ్చిన పాపానికి..."

"కూసోన్రి సార్. ఆ కాగితమేందో గూడ చూడున్రి."

కవర్లోంచి తీసి టేబుల్ మీద పరిచింది. మంగళవారం తారీఖు. రెండు లక్షల ఎనభై వేలు. కింద సంతోష్‌రావు సంతకం.

"పైసలు చుట్టిన కాగితమిది. ఈమె వచ్చేసరికే నేల మీద ఉన్నది. అంటే పైసలు అప్పటికే అల్మారాల లేవు. అంతకుముందు ఆఫీసుల ఉన్నది ఎవరు?"

సంతోష్‌రావు మెడ తుడుచుకున్నాడు. "గామెనే తీసిందేమో మేడమ్."

"ఈమె బాకీ ఎంత?"

"అరవై రెండు వేలు."

"రెండు లక్షల ఎనభై వేలు చేతికొచ్చినంక టీసీ దొంగతనం చేసుడెందుకు? పొద్దుగాల వచ్చి అరవై రెండు వేలు టేబుల్ మీద కొట్టి, రసీదు తీస్కొని, దర్జాగ పట్కపోతది గద."

సంతోష్‌రావు బాబాయి వైపు చూడలేకపోయాడు. "చిన్నబాపు, ఫోన్ల పైసల ఆట ఆడి అప్పులల్ల ఇరుక్కున్న," అన్నాడు చివరికి.

పన్నెండూ ఐదు. కేసు తేలిపోయింది. జెండా గద్దె మీది నుంచి మల్లన్న లేచాడు. కొట్టినవాళ్లెవరూ అతని వైపు చూడలేదు.

ప్రేమ్‌సాగర్‌రావు గ్లాసెడు నీళ్లు తాగాడు. గొంతు ఒక్కసారిగా మెత్తబడింది.

"ఇంటి సంగతి మేడమ్. పైసల ఫిర్యాదు వాపస్ తీసుకుంట. మేము మేము చూసుకుంటం. టీసీ దొంగతనం మాత్రం రాసుకోన్రి. ఒక్కరిని ఇడిస్తే రేపు వందమంది వస్తరు."

అక్కడే కూర్చుని కొత్త ఫిర్యాదు రాసిచ్చాడు. లక్ష్మీరాజం పంచనామాలో మమతారాణి చెప్పిన ప్రతి మాటా ఎక్కింది. సాక్షుల సంతకాలూ అయ్యాయి.

"టీసీ యాడున్నది?" మమతారాణి బిస్మిల్లా బీని అడిగింది. ఈసారి గొంతులో బిగువు లేదు.

"బిడ్డ పట్కపోయింది మేడమ్, కరీంనగర్. ఫ్రీ కాలేజీల సీటొచ్చింది. హాస్టల్ గూడ ఫ్రీ. ఇయ్యాల నాలుగింటికి ఆఖరు. అసలు కాగితం లేంది చేర్చుకోరంట."

"గింత ఫీజు ఉన్న స్కూల్ల ఎందుకేసిన్రు?"

"ఇంట్ల ఉంటే బీడీ ఆకు చేతికొస్తది మేడమ్. మా గల్లీల ఆడపిల్లలందరికి గంతే. మా ఆయన అజీముద్దీన్ ఆటో అమ్మి మొదటేడు కట్టిండు. తర్వాత నేను రాత్రింబగళ్లు బీడీలు చుట్టిన, ఇక్కడ ఊడ్చిన. జీతం ఫీజులనే పట్టుకున్నరు. రెండేండ్ల సంది ఆయన మంచం మీదనే ఉన్నడు. అయినా బిడ్డను ఇంటికి తేలే."

మమతారాణి ప్రేమ్‌సాగర్‌రావును పక్కకు పిలిచింది. ఎస్సై అయ్యాక ఆమె ఎవరినీ బతిమాలింది లేదు. ఆ రోజు బతిమాలింది.

"ఒక్క డూప్లికేట్ రాసియ్యున్రి సార్. పిల్ల బతుకు."

"కేసుల ఉన్న కాగితానికి డూప్లికేట్ ఎట్లిస్తం మేడమ్? రూల్స్ మీకు తెల్వనియా?"

తెలుసు. పదకొండున్నరకు ముందే బిస్మిల్లా బీని ఒంటరిగా పిలిచి ఒక్క మాట అడిగి ఉంటే, నాలుగో కట్ట సంగతి ఎవరికీ తెలిసేది కాదని కూడా తెలుసు. సంతోష్‌రావు పైసలు మెల్లగా వేరే దారిన దొరికేవి. ఆమె నలుగురి ముందు తెలివి చూపించుకుంది. తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండూ యాభైకి కరీంనగర్ నుంచి ఫోన్, టీసీ స్వాధీనం చేసుకొమ్మని కబురు పెట్టిన అక్కడి కానిస్టేబుల్.

"పిల్ల క్యూల ఉన్నది మేడమ్. ముందట ఆరుగురే ఉన్నరు. టీసీ ఇస్తలేదు, ఏడుస్తుంది. ఏం చెయ్యాలె?"

ఫిర్యాదుకు కేసు నంబరు కూడా పడింది. లక్ష్మీరాజం ఎదురుగానే ఉన్నాడు.

"తీసుకోన్రి," అంది మమతారాణి.

సాయంత్రం ఐదున్నరకు సుమయ్య స్టేషన్‌కు వచ్చింది. ఏడుపు అయిపోయిన మొహం. తల్లి పక్కన బెంచీ మీద కూర్చుంది.

"ఆ కాగితం ఎప్పుడిస్తరు మేడమ్?"

"కేసు అయిపోయినంక. కోర్టుల అడగాలె."

"ఎప్పుడైతది?"

రెండేళ్లు పట్టొచ్చు, మూడూ పట్టొచ్చు. మమతారాణి ఆ మాట చెప్పలేక, లేని ఫైలు వెతికింది.

పంతొమ్మిది రోజులకు బిస్మిల్లా బీ పేరిట కోర్టు సమన్లు వచ్చాయి. కానిస్టేబుల్‌తో పంపొచ్చు. అయినా మమతారాణి తానే వెళ్లింది. ఎందుకో ఆమెకే తెలియదు.

గల్లీ పొడుగునా జర్దా వాసన. లోపల మంచం మీద అజీముద్దీన్ దగ్గుతున్నాడు. బిస్మిల్లా బీ కార్ఖానాకు పోయింది. స్కూల్లో పని ఆ రోజే పోయింది. గడపలో సుమయ్య, ఒడిలో గంప, పక్కన బీడీలకు కత్తిరించిన తునికాకు. సమన్లు తీసుకుని తల్లి పేరు కింద ఇంగ్లీషులో చక్కగా సంతకం పెట్టి, మళ్లీ గంప ఒడిలోకి లాక్కుంది.

"ఇంకో ఏడు ఆగి చదువచ్చు బిడ్డా," అంది మమతారాణి.

"సరే మేడమ్," అంది సుమయ్య, పెద్దవాళ్లను నొప్పించకుండా అనే మాటలా.

చుట్టిన బీడీలు ఎంచింది. ఇరవై నాలుగే వచ్చాయి. ఇంకొకటి చుట్టి, కట్టలో కలిపి, దారం మూడు చుట్లు తిప్పి, ముడి వేయకుండా కొస లోపలికి దోపింది.