బాకీ కారు బేరం

"నువ్వు నోరెత్తకు. బేరం నాకొదిలెయ్," అంది ఆమె కారు దిగుతూనే.

అతను తలూపాడు. అసలు నోరెత్తాల్సింది అప్పుడే. ఎత్తలేకపోయాడు.

ఆమె ఒక హాస్టల్ మెస్‌ని నడుపుతుంది. ఆమె వస్తోందంటే మార్కెట్లో కూరగాయలవాళ్ళు ముందే ధర తగ్గించి చెబుతారు. అతను కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. విరిగిన కళ్ళజోడు పట్టుకొచ్చి ఆమె అతనితో అరగంట పోట్లాడింది. స్నేహం అక్కడే మొదలైంది. ఆమెకతను "అద్దాలబాబు". అతనికామె "మేడమ్ గారు". ఈమధ్య రోజూ పొద్దున్నే ఆమెనూ ఆమె కూరగాయల బస్తాలనూ మార్కెట్ నుంచి మెస్‌కి చేర్చేది అతని పెద్ద కారే.

"సొంత డబ్బుతో కొన్నావా? గట్టివాడివే!" అని ఆమె ముచ్చటపడినప్పుడు, అతను ఔననలేదు, కాదనలేదు. నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే కొంప ముంచింది. వాయిదాల బరువు మోయలేక, ఆ కారిచ్చేసి చిన్నది తీసుకుందామని బయల్దేరితే, "ఒక్కడివే వెళ్తే నిన్ను ముంచేస్తారు" అంటూ వెంటపడి వచ్చింది.

షోరూములో పెద్దాయన కారు చుట్టూ తిరిగి ఒక ధర చెప్పాడు.

ఆమె పకపకా నవ్వింది. "టైర్ల ధర కాదు బాబాయ్, కారు ధర చెప్పండి."

"తలుపు మీద గీత పడిందమ్మా."

"గీతకే ఇంత కోస్తే, సొట్ట పడుంటే మేమే ఎదురివ్వాలేమో!"

పెద్దాయన కొంచెం పెంచాడు. ఆమె లేచి గుమ్మందాకా వెళ్ళింది. ఇంకొంచెం పెంచాడు. ఆఖరికి, "నీతో నావల్ల కాదు తల్లీ, నీ మాటే ఖాయం," అని చేతులెత్తేశాడు.

ఆమె అతని వైపు తిరిగి కళ్ళెగరేసింది. ఆ మొహంలో అంత సంబరం అతనెప్పుడూ చూడలేదు. భూమి చీలి తనను మింగేస్తే బాగుండుననిపించింది.

పెద్దాయన కంప్యూటర్లో ఏదో చూసి, "లోను ఇంకా చాలా ఉందే బాబూ! ఈ డబ్బంతా బ్యాంకుకిచ్చినా బాకీ తీరదు. మిగిలింది కొత్త లోన్లో కలిపేద్దామా?" అన్నాడు.

ఆమె నవ్వు మొహం మీదే ఆగిపోయింది.

"ఎవరి లోను?"

"నాదే," అన్నాడతను. ఆ మాట అతనికే సరిగ్గా వినపడలేదు.

పక్క బల్లలవాళ్ళు తలలు తిప్పారు. అతని చెవులు కాలిపోతున్నాయి. ఆమె హ్యాండ్‌బ్యాగ్ జిప్పు తీస్తూ, వేస్తూ కూచుంది. తిట్టినా బాగుండేది.

"కలపొద్దండి," అన్నాడు చివరికి. "చిన్న కారుకని కొంత కూడబెట్టాను. అది బాకీకే కట్టేస్తా. నాకింక ఏ కారూ వద్దు."

సంతకాలు చేసి, తాళాలు బల్ల మీద పెట్టి బయటికొచ్చేసరికి వాన దంచుతోంది. ఇద్దరూ గుమ్మం పక్కనే నిలబడ్డారు. మధ్యలో ఇంకో ఇద్దరు పట్టేంత ఖాళీ.

"నేను లోపల వీరంగం వేస్తుంటే తమాషా చూశావు," అంది. "లోనుండటం తప్పా? మా మెస్ ఫ్రిజ్ కూడా లోన్లోదే. నన్ను వెర్రిదాన్ని చేశావు చూడు, అది తప్పు."

"చెబితే చులకనైపోతానని..."

"ఇప్పుడేమయ్యావు?"

అతను వాన వైపే చూస్తూ, "బస్తాలు వేసుకుని ఆటోవాళ్ళతో నువ్వు గొడవపడుతుంటే చూడలేక కొన్నా. అప్పటికి నాకు డ్రైవింగే రాదు," అన్నాడు. 'నువ్వు' అన్న సంగతి తర్వాత తెలిసి నాలిక్కరుచుకున్నాడు.

ఆమె గిర్రున తిరిగింది. "ఇష్టమని చెప్పడానికి ఎవరైనా కారు కొంటారా? నోటితో చెబితే ఏం పోయింది?"

"ఇప్పుడు చెప్పొచ్చా?"

"నేల చూపులు మాని చెప్పు."

సిగ్గుతో చితికిపోతూనే తలెత్తాడు. మాటలు తడబడ్డాయి. అయినా చెప్పాడు.

"కోపం తగ్గాక ఆలోచిస్తా," అని ఆమె చున్నీ నెత్తిన కప్పుకుని వానలోకి దిగింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "రావేం? మా అమ్మ ఇంట్లోనే ఉంది. ఆవిడకి అన్నీ నువ్వే చెప్పాలి."

"లోను సంగతి కూడానా?"

"ముందు అదే."