చదివి వినిపించాక సంతకం

పొద్దున్నే టీ ఒలికింది. కప్పులో పోయాల్సింది సగం బల్ల మీద పోశాడు తండ్రి.

"నాన్నా! మళ్లీనా? నిన్నా ఇదే గోల."

"అది కాదమ్మా. నీతో ఓ మాట..."

"సాయంత్రం చెప్పు."

ఆ సాయంత్రం నాలుగు రోజులుగా రావడం లేదు. కూతురు పోలీసు ఇన్‌స్పెక్టరు. తండ్రి ముప్పై రెండేళ్లు బస్సు నడిపి మానేసినవాడు. తల్లి పోయాక ఆ ఇంట్లో ఇద్దరే.

"ఇవాళ పై ఆఫీసరు స్టేషన్లో కూర్చుని మార్కులు వేస్తాడు. జనం చెప్పేది ఓపిగ్గా వింటున్నామా లేదా అని. తేడా వస్తే నా స్టేషను పోతుంది. నన్ను విసిగించకు."

"ఓపిక్కి కూడా మార్కులేనా?" అన్నాడు తండ్రి, బల్ల తడుముతూ. "నా కళ్లజోడు ఎక్కడుందమ్మా?"

"నీ ముక్కు మీదే ఉంది మహానుభావా!"

తండ్రి ముక్కు తడుముకున్నాడు. ఆమె టోపీ తీసుకుని వెళ్లిపోయింది.

స్టేషన్లో పై ఆఫీసరు మూల కుర్చీలో కాగితం పట్టుకుని కూర్చున్నాడు. ముందు ఇద్దరు ఆడవాళ్లు మురుగునీళ్ల గొడవతో వచ్చారు. జుట్లు పట్టుకునేలా ఉన్నారు. ఆమె ఇద్దరికీ మంచినీళ్లిచ్చి, ఒకరి తర్వాత ఒకరిని చెప్పనిచ్చింది. పావుగంటలో చల్లబడి వెళ్లారు. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు.

"తర్వాత ఎవరు? కూర్చోండి," అంటూ తలెత్తింది.

ఎదురుగా తండ్రి. ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇక్కడికెందుకొచ్చావ్?" అంది పళ్ల బిగువున.

"ఫిర్యాదివ్వడానికండీ."

"ఎవరి మీద?"

"మా అమ్మాయి మీద."

పక్క బల్ల దగ్గర హెడ్డు కానిస్టేబులుకి పొలమారింది. మూల కుర్చీలో ఆఫీసరు కళ్లజోడు సర్దుకున్నాడు.

ఎవరొచ్చినా తిప్పి పంపకూడదు. మధ్యలో అడ్డు తగలకూడదు. చెప్పింది రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఆ పద్ధతి పెట్టింది ఆమే. ఒళ్లు మండుతున్నా పుస్తకం తెరిచింది.

"చెప్పండి."

"మా అమ్మాయి మంచిదేనండీ. ఊరందరి మాటా వింటుంది. నేను నోరు తెరిస్తే సాయంత్రం అంటుంది. నాకు భయంగా ఉందండీ."

"దేనికి భయం?"

"ముందు ఇది రాయండి."

రాసింది. చదివింది. "ఫిర్యాదుదారు కూతురు ఊరందరి మాటా వింటుంది. తండ్రి నోరు తెరిస్తే సాయంత్రం అంటుంది. తండ్రికి..." గబగబా ముగించి కాగితం తిప్పింది. "ఇక్కడ సంతకం పెట్టండి."

తండ్రి పెన్ను తీసుకుని వంగాడు. పెన్ను కాగితం దాటిపోయింది. బల్ల చెక్క మీద పేరు మొత్తం పొందిగ్గా రాసి, కింద గీత కూడా గీశాడు.

ఆమె బల్ల కేసి చూస్తూ ఉండిపోయింది. ఒలికిన టీ. ముక్కు మీది కళ్లజోడు. దొంగ చెప్పుల్లో ఇసుక చూసి ఏ వీధిలోంచి వచ్చాడో చెప్పే మనిషి తను.

"నాన్నా... ఎప్పట్నుంచి?"

"ఎడమది నిరుడే మసకేసింది. కుడిది శుక్రవారం నుంచి. బస్సు తోలిన కళ్లు కదమ్మా. బయట ఎవరికి చెప్పుకోను?"

"మరి ఇంత దూరం ఎలా వచ్చావ్?"

"బస్సులోనే. చప్పుడు వింటే ఏ బస్సో నాకు తెలీదా?"

ఆమె లేచి టోపీ తీసుకుంది.

"బయట ఇంకా ముగ్గురున్నారు," అన్నాడు ఆఫీసరు.

"ఈ ఫిర్యాదు నిజం సార్. నిందితురాలు ఒప్పుకుంది. మార్కులు మీ ఇష్టం."

"ఆ ముగ్గురి సంగతీ నేను చూస్తాను, వెళ్లండమ్మా," అన్నాడు హెడ్డు. ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, తనే లేచి తలుపు తీసి పట్టుకున్నాడు.

మెట్ల దగ్గర ఆమె తండ్రి చెయ్యి పట్టుకుంది. కళ్లు తుడుచుకుంటూనే కసిరింది.

"నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చుంటావా? నువ్వసలు మనిషివేనా?"

"నీ మార్కులు పోతాయేమో తల్లీ."

"వాటి సంగతి సాయంత్రం చూద్దాం. శుక్రవారం ఏమైందో చెప్పు. మొదట్నుంచీ చెప్పు."

కళ్లాసుపత్రి దాకా ఆయన చెబుతూనే ఉన్నాడు. ఆమె ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.