అడియాసమాపకం

బొడ్డు వారి హిమజకి ఈ ఏడు దిష్టి తగిలిందట. పాలకేంద్రం దగ్గర ఎవరో అన్నారట. ఆ మాట పక్కింటి స్వప్న పిన్ని గోడ మీదుగా మంజువాణి చెవిన వేసింది. దిష్టని తేల్చింది పూజారి కాదట, ఏదో యంత్రమట.

ఆ యంత్రం చేసిందే మంజువాణి. తన యంత్రం చెప్పిన కబురే ఊరంతా తిరిగి తన దగ్గరికి వచ్చినందుకు ఆమెకి నవ్వు రాలేదు. దిష్టి అని పేరు మార్చారే గాని సంగతి అదే.

అది రెండువేల డెబ్బయ్యో సంవత్సరం. లీగులో ఆడే నిజమైన కబడ్డీ ఆటగాళ్ల నుంచి ఎవరి ఊహాజట్టు వాళ్లు ఎంచుకోవడం, బరిలో వాళ్లు తెచ్చే పాయింట్లు తమ ఖాతాలో వేసుకోవడం దేశమంతటా ఉన్న సరదా. మిగతా ఊళ్లలో ఈ ఎంపిక ఫోన్లో గుట్టుగా జరిగిపోతుంది. పెదరావిపాలెంలో మాత్రం పెళ్లి చదివింపుల్లా మైకులో చదువుతారు. హిమజ ఈ ఊరి పిల్ల, లీగులో పేరున్న రైడర్. ఆమె నాయనమ్మ శ్రావణి ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఇక మొదటి ఎంపికగా ఇంకొకరి పేరు చదివే మొనగాడెవడు? ఈ ఊరిని చూసి పక్క ఊళ్లు, వాటిని చూసి జిల్లాలూ అదే పేరు పట్టుకున్నాయి.

ముందుగా ఎంపికైనవాళ్లలో ఎవరు ఆశపెట్టి అడియాస చేస్తారో ముందే చెప్పేది అడియాసమాపకం. కాలేజీ వాళ్లు డిసప్పాయింట్‌మెంట్ మీటర్ అంటారు. పాత సీజన్లన్నీ చూసి తనంతట తానే నేర్చుకుంది. ఏ గుర్తు పట్టి చెబుతుందో చేసిన మంజువాణికే తెలియదు, ఎప్పుడూ అడగనూ లేదు. ఏ గుర్తు పట్టి కోడి కూస్తుందో పెంచినవాడికి తెలుస్తుందా?

హిమజ పేరు దగ్గర దాని దీపం ఎర్రబడింది. అంతకుముందు రోజే ఆ పిల్ల బస్సు మెట్లు పక్కవాటుగా దిగడం మంజువాణి చూసింది. ఈ సీజన్ తేలిపోతే లీగు ఆమెను వదిలేస్తుంది. కాలు పూర్తిగా పాడైతే నడకే ఉండదు.

"మోకాలు చూసే చెప్పావా?" అని యంత్రాన్ని అడిగింది.

"మోకాలి సంగతి నాకు తెలియదు. నేను ఆమెను చూడను. మిమ్మల్ని చూస్తాను."

"మమ్మల్నా?"

"ఇన్ని ఇళ్లవాళ్లు ఒక్క పేరే చదివితే, ఆ మనిషి నొప్పి ఉందని చెప్పడం మానేస్తుంది. నొప్పితోనే ఆడి పడిపోతుంది. ఏ సీజన్ చూసినా ఇదే."

"మరి దారి?"

"పేరు చదవడం తగ్గించండి."

మంజువాణి ఇల్లిల్లూ తిరిగింది. అందరూ తలూపారు. పిల్ల కంటే పాయింట్లెక్కువా అన్నారు. స్వప్న పిన్నయితే కళ్లు కూడా ఒత్తుకుంది.

ఎంపికల రోజు సర్పంచి దిలీప్ ముందుగా మైకు పట్టుకున్నాడు. ఎదురుగా శ్రావణి కొత్త చీర కట్టుకుని చూస్తోంది. ఆయన గొంతు సవరించుకుని, మొదటి ఎంపిక బొడ్డు హిమజ అని చదివేశాడు. తరవాతి ఇల్లూ అంతే. స్వప్న పిన్ని మరీ గట్టిగా చదివింది. మంజువాణి వెంట తెచ్చుకున్న యంత్రంలో ఎరుపు ముదురుతూనే ఉంది.

మంజువాణి వంతు వచ్చింది. వేరే పేరు రాసుకునే వచ్చింది. శ్రావణి ఆమెను చూసి నవ్వింది. ఆ నవ్వు చూసిన మంజువాణి నోట కూడా హిమజ పేరే వచ్చింది.

చివరికి హిమజ లేచింది. కుర్చీలు పట్టుకుని మైకు దాకా వచ్చి ఏడు పేర్లు చదివింది. అందులో తన పేరు లేదు.

దిలీప్ నొచ్చుకున్నాడు. "అదేటమ్మా, నిన్ను నువ్వే ఎంచుకోకపోతే మా పరువేటవుతాది? ఊరంతా నీ పేరే సదివినాం గదా."

హిమజ మైకు పక్కకు పెట్టలేదు.

"సదివినారు, మావా. నాను కుంటుకుంటా వొచ్చినాను, అందరూ సూసినారు. కాలుకేటయిందే అని మీలో ఒక్కరైనా అడిగినారా?"

మైకు అలా గుంయ్‌మంటూనే ఉంది.