నూట ముప్పై గ్రాములు

విజిల్ మాస్టారు నా బతుకు మీద మన్ను పోశాడు. ఈ మాటను ఇన్‌స్పెక్టర్ ఇరవై ఏళ్లుగా నములుతున్నాడు. మింగలేడు, కక్కలేడు.

ఒకప్పుడు ఇన్‌స్పెక్టర్ కూడా షాట్‌పుట్ ఆడినవాడే. పదో తరగతిలోనే బడి మానేసి ఇనుప గుండును నమ్ముకున్నాడు. రికార్డు విసిరాడు. మర్నాడు చీఫ్ కోచ్ విజిల్ మాస్టారు ఆ గుండును తూచి, 'తేలిక గుండు, మోసగాడు' అని కాగితం రాసిపారేశాడు. అంతటితో ఆట అయిపోయింది. కొన్ని రోజులు తనకే అనుమానం వచ్చేది. పొరపాటున తేలికది తీసుకున్నానా అని.

ఇవాళ 4.20కి అదే గొంతు స్టేషన్‌కి ఫోన్ చేసింది.

"అవార్డుల హాల్లో ఒక పిల్ల షోకేసు బద్దలుకొట్టింది. వచ్చి తీసుకుపోండి."

4.35కి ఇన్‌స్పెక్టర్ ఒక కానిస్టేబుల్‌తో హాల్లో ఉన్నాడు. ఆరింటికి ఆ ఏటి ఉత్తమ అథ్లెట్ల అవార్డులు ఇస్తారు. కుర్చీలకు తెల్లగుడ్డలు తొడిగారు. వేదిక వెనక నిలువెత్తు ఫ్లెక్సీ. గాజుపెంకుల మధ్య ఒక అమ్మాయి కూర్చుని ఉంది. వెల్డర్ కూతురు. మైదానంలో అందరూ పిడుగు అంటారు. అరచేతికి కట్టిన రుమాలు ఎర్రగా తడిసింది.

"ఎందుకు కొట్టావమ్మా?"

"మనిషిని కొట్టకూడదని, సార్."

అవార్డుల కమిటీ సెక్రటరీ చెమట తుడుచుకుంటూ చెప్పాడు. మూడు వారాల కిందట పిడుగు రికార్డు విసిరింది. ఆ రోజు వాన. తూకం మిషన్ తడిసి మొరాయించింది. అందుకని గుండును అలాగే గుడ్డసంచిలో వేసి బీరువాలో పెట్టారు. అవార్డు ఇచ్చే ముందు కమిటీ ఎదుట తూచాలని తీర్మానం.

"ఇవాళ 3.50కి తూచాం. నాలుగు కిలోలు ఉండాలి. నూట ముప్పై గ్రాములు తగ్గింది."

"అయితే?"

"రికార్డు రద్దు. రెండేళ్లు నిషేధం. అవార్డు రెండో స్థానం అమ్మాయికి."

"ఆ అమ్మాయి ఎవరు?"

సెక్రటరీ నేల చూశాడు. విజిల్ మాస్టారే అందుకున్నాడు. "నా మేనకోడలు. అయితే తప్పా?"

మెడలో అదే విజిల్. భుజం మీద తువ్వాలు. ఇన్‌స్పెక్టర్‌ని ఎగాదిగా చూసి నవ్వాడు. "ఓహో, నువ్వా! మోసగాళ్లకి మోసగాడే సాయమొస్తాడన్నమాట."

ఇన్‌స్పెక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. సెక్రటరీ వైపు తిరిగాడు.

"బీరువా తాళాలు ఎవరి దగ్గర?"

"ముగ్గురి దగ్గర. నేను, మాస్టారు, స్టోర్‌కీపర్" అన్నాడు సెక్రటరీ.

స్టోర్‌కీపర్ ముసలాయన చేతులు జోడించాడు. "నా పెన్షన్‌కి ఇంకా నాలుగు నెలలే ఉంది బాబూ. నా నెత్తిన రుద్దకండి."

"ఎవరూ రుద్దరు పెద్దాయనా. సంచి ఏది?"

సంచిని తెల్లకాగితం మీద బోర్లించి దులిపాడు. ఎండిన ఎర్రమట్టి పొడి జలజలా రాలింది. బల్ల మీది గుండు వైపు చూశాడు. అద్దంలా మెరుస్తోంది.

"ప్రాక్టీసు గుండ్లు ఎక్కడుంటాయి?"

"పెరట్లో, రేకుల కింద. వాటిని కడిగే దిక్కెవరు? దుమ్ము కొట్టుకుపోయి ఉంటాయి. చిన్నపిల్లల కోసం తేలికవి కూడా ఉన్నాయి" అన్నాడు ముసలాయన.

ఇన్‌స్పెక్టర్ పెరట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి 5.25. చేతిలో మట్టి పట్టిన గుండు.

"ముగ్గురూ ఒక్కసారి దీన్ని పట్టుకోండి. బరువు తేడా తెలుస్తుందేమో చూద్దాం."

స్టోర్‌కీపర్ రెండు చేతులా అందుకుని, బిందెలా పొట్టకు ఆనించుకున్నాడు. చొక్కా నిండా మట్టి. సెక్రటరీ వేళ్ల కొసలతో పట్టి, జారుతుంటే అమ్మో అని బల్ల మీద పెట్టేశాడు.

విజిల్ మాస్టారు తువ్వాలు తీశాడు. గుండును నాలుగు తిప్పులు తిప్పి శుభ్రంగా తుడిచాడు. అప్పుడు అరచేతిలో ఆడించి, "ఇది సరైనదే" అన్నాడు.

"ఎందుకు తుడిచారు?"

"ఏంటి?"

"తుడవమని నేను చెప్పలేదే!"

మాస్టారి చెయ్యి గాల్లోనే ఆగింది.

ఇన్‌స్పెక్టర్ ఫ్లెక్సీ వైపు వేలు చూపించాడు. వానలో తడిసిన పిడుగు రికార్డు గుండును చెంపకు ఆనించుకుని నవ్వుతోంది. గుండుకు సగం దాకా ఎర్రబురద.

"పొద్దుట్నుంచి అందరూ ఈ బొమ్మ కిందే తిరిగారు. అందరి కళ్లూ తూకం ముల్లు మీదే. సంచిలోకి వెళ్లింది బురద గుండు. బయటికొచ్చింది మెరిసే గుండు. అంటే మార్చేశారు. పెరట్లోంచి దుమ్ముతో తెచ్చిన తేలిక గుండును మామూలు దొంగయితే అలాగే సంచిలో పడేసేవాడు. వీడు తుడిచి మరీ పెట్టాడు. గుండు చేతికి రాగానే తుడిచే అలవాటు విసిరేవాళ్లదే. జారితే మెడ విరుగుతుందని నాకూ అలాగే నేర్పారు. నేర్పింది మీరే, మాస్టారూ!"

"పాత పగ తీర్చుకుంటున్నావ్! అలవాటు సాక్ష్యమవుతుందా?"

"అవదు. కారు తాళం ఇవ్వండి."

ఇవ్వలేదు. కానిస్టేబుల్ మాస్టారి జేబులోంచి తాళం లాక్కున్నాడు. డిక్కీలో స్పేర్ టైరు కింద ఇంకో తువ్వాలు. నిండా ఎండిన ఎర్రమట్టి. లోపల, తుడిచిన గుండు. రికార్డు రోజు రిఫరీ కాగితంలో రాసిన నంబరే దాని మీదా ఉంది. తూకం గొడవలో ఆ నంబరును ఎవరూ సరిచూడలేదు.

5.48కి కమిటీ ఎదుటే తూచారు. నాలుగు కిలోల ఐదు గ్రాములు.

పిడుగు ఏడవలేదు. లేచి, మాస్టారి ముందుకొచ్చి నిలబడింది. "మా నాన్న మూడేళ్లు కళ్లు కాల్చుకుని నాకు బూట్లు కొన్నాడు. నువ్వు నన్ను దొంగని చేశావ్. థూ!"

సరిగ్గా ఆరింటికి లోపల ఆమె పేరు పిలిచారు. చప్పట్లు వరండా దాకా వినిపించాయి. అక్కడ ఇన్‌స్పెక్టర్ మాస్టారి చేతులకు బేడీలు వేస్తున్నాడు.

"నాది కూడా ఇలాగే మార్చావా?"

మాస్టారు మొహం తిప్పుకున్నాడు. "మార్చాను. అప్పుడు మా తమ్ముడు నీ వెనకే, రెండో స్థానంలో ఉన్నాడు. ఇప్పుడేం చేస్తావ్? ఎంత విసిరావో నీకే గుర్తుండదు."

ఇన్‌స్పెక్టర్ ఆ విజిల్‌ను దారంతో సహా తెంపి, సాక్ష్యాల కవరులో వేశాడు.

"పద్దెనిమిది మీటర్ల నలభై మూడు సెంటీమీటర్లు" అన్నాడు. "నడవరా."