కలలు రాని గోలీలు

"మా పెద్దోణ్ని గోలీలే సంపినయ్ సారూ!"

హైదరాబాద్‌లో బోర్డు లేని ఆ ఆఫీసులో ఫోనెత్తిన చీఫ్ భాస్కరరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. భీమవరం మనిషి. ఆయనకు గోలీ అంటే తుపాకీ గుండే.

"ఎన్ని గోలీలమ్మా?"

"వారానికొకటి సారూ."

"వాయిదాల మీద హత్యా! ఎవడండీ ఆ కిరాతకుడు?"

"ఎవ్వడు గాదు. వాడే ఏస్కున్నడు. ఆదివారం ఆదివారం చర్చికి పోయొచ్చి, అన్నం తిన్నంక."

మరో రెండు గంటల్లో ఏజెంట్ ప్రకాశం బులెట్‌ప్రూఫ్ జాకెట్టు మీద అల్లం సేటు వేషం తగిలించుకుని, పెట్టుడు మీసంతో, బస్తాల ఆటోతో జహీరాబాద్ చేరాడు. అడ్రసు చూడగానే అతను గుర్తుపట్టాడు. అది వెస్లీ ఇల్లు. వెస్లీ అతని చిన్ననాటి నేస్తం, ట్రాక్టర్ మెకానిక్. ట్రాక్టర్ల వెంట మొజాంబిక్ వెళ్ళి, మలేరియా సోకి, రెండు నెలల కిందట పెట్టెలో తిరిగొచ్చాడు. ఆనాడు చర్చిలో అందరి ముందూ "గోలీలు మింగకుండ బేఫికర్ జేసిండు" అని చెప్పింది ప్రకాశమే. మరొకడు ఆ తప్పు చేయకూడదని.

తలుపు తీసిన వెస్లీ తల్లి మణెమ్మ అతణ్ని ఎగాదిగా చూసింది. "మీసం ఊడుతున్నది ప్రకాశం. లోపలికి రా."

గుప్పిట విప్పింది. గుండ్లు కావు, మలేరియా రాకుండా మింగే తెల్లటి మాత్రలు. 'సార్, మా దిక్కు గోలీ అంటే ట్యాబ్లెట్' అని ప్రకాశం చీఫ్‌కు మెసేజ్ కొట్టాడు.

"నా కొడుకు ఒక్క వారం తప్పలేదురా. మింగినంక ఫోన్ జేస్తుండె. 'ఈ గోలీతోని పీడకలలు వస్తయంటరే అమ్మా, మాలో ఒక్కనికి గూడ పడ్తలేవు' అని నవ్వుతుండె."

ప్రకాశం నవ్వలేదు. కాంగో మిషన్‌లో ఆ వారం మందే తనూ మింగాడు. నెల రోజులు కలలో చీఫ్ పట్టుచీర కట్టుకుని వెంటపడ్డారు. అందరికీ రావాలని లేదు. కానీ ఒక్కడికీ రాకపోవడమా?

"దేవరాజు సంగతేంది?"

"మా చిన్నోడా? రెండు వారాల సంది మింగుతుండు. గురకలే గురకలు. వాడు గూడ ఆ మొజాంబిక్‌కే, ఇయ్యాల పదకొండింటికి బస్సు. ఇరవై రెండు మంది. బొంబాయిల ఇమానమెక్కుతరు."

ప్రకాశం జేబులోని పెన్-స్కానర్‌ను మాత్రకు ఆనించాడు. ఎర్ర లైటు వెలిగింది. మందు కాదు, సుద్ద. శుద్ధమైన సుద్ద!

మన మెకానిక్కులను మంచాన పడేసి ట్రాక్టర్ల కాంట్రాక్టు లాక్కోవాలని చూస్తున్న విదేశీ ముఠా ఒకటుంది. కోడ్ నేమ్ 'దోమతెర'. మందుల డబ్బాల సీలు విప్పే చేతులు మాత్రం ఊళ్ళో రెండే. ట్రావెల్ క్లినిక్‌లో స్వప్నవి. రెండేళ్ళుగా ఏజెన్సీకి వార్తలందిస్తున్న స్వప్న. వచ్చే నెల ప్రకాశం పెళ్ళాడబోతున్న స్వప్న.

క్లినిక్‌లో ప్రకాశం సుద్ద మాత్ర ముందు పెట్టినా ఆమె నల్లకళ్ళద్దాలు తీయలేదు.

"వారం గోలీనే ఎందుకు ఎంచుకున్నవ్?"

"రోజు గోలీ అయితే నెలకు ముప్పై మార్చాలె. ఇదైతే నాలుగే. జరమొస్తే వాపసొస్తరు, అంతే అన్నరు ఆ ముఠోళ్ళు. సచ్చిపోతరనుకోలె ప్రకాశ్."

"వెస్లీ మన పెండ్లికి సూటు కుట్టించుకున్నడు."

ఆమె రెండు చేతులూ ముందుకు చాచింది. గాజులు తొడగాలనుకున్నవాడు బేడీలు తొడిగాడు. ఏజెంటూ ఆమే, డబుల్ ఏజెంటూ ఆమే. ప్రకాశమే సింగిల్‌గా మిగిలాడు. ఆమెను లోకల్ పోలీసుకు అప్పగించి బయటపడ్డాడు.

పదకొండు దాటి ఒక్క నిమిషం. హైవే ఎక్కుతున్న బస్సుకు అడ్డంగా అతని ఆటో బోల్తా కొట్టింది. అల్లం దొర్లి అల్లకల్లోలం! బస్సు జానెడు దూరంలో ఆగింది.

"ఓ సేటూ, సావనీకి నా బస్సే దొరికిందా?" డ్రైవర్ అరిచాడు.

ప్రకాశం మీసం పీకేసి బస్సెక్కాడు.

"మీరు మింగింది సుద్ద. వారం గోలీ అసలుదైనా రెండు మూడు వారాల ముందుగాల మొదలువెట్టాలె, ఇప్పుడు టైం లేదు. ఒకట్రెండు దినాల ముందు మొదలువెట్టే రోజు గోలీలు ఉన్నయ్. ఒకటి వాపసొచ్చినంక వారం మింగాలె, ఇంకోటి నాలుగు వారాలు, దాంతోని ఎండ పడదు. ఫిట్స్ గానీ, మనసు బాగలేకపోవుడు గానీ ఉంటే డాక్టర్‌కు దాచకున్రి. ఎవలికి ఏది పడ్తదో ఆయనే జెప్తడు. ఇమానం రెండు దినాలు ఆపిస్త."

వెనక సీట్లోంచి దేవరాజు లేచాడు. "మరి మా అన్న?"

ప్రకాశం మణెమ్మకు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

"పెద్దమ్మా... వెస్లీ ఒక్క గోలీ తప్పలే. నేనే తప్పు జెప్పిన."

బస్సంతా మణెమ్మ గొంతు వినిపించింది.

"నాకెందుకు జెప్తున్నవ్ బిడ్డా? నాకు ఎర్కనేనాయె. బయటికి పోయి గట్టిగ జెప్పు. చర్చిల ఇన్నోళ్ళందరికి ఇనవడాలె."

దిగాడు. ఆగిన లారీలు, ఆటోలు, అల్లం ఏరుకుంటున్న జనం. చెవిలో గుసగుసలాడటమే ఉద్యోగమైన మనిషి రోడ్డు నడుమ నిలబడి, ఏడుస్తూ, గోలీల సంగతంతా గొంతు చించుకుని చెప్పాడు.

ఇప్పుడు జహీరాబాద్‌లో ప్రకాశం గూఢచారి అని తెలియనివాడు లేడు. వెస్లీ గోలీలు మింగాడని తెలియనివాడూ లేడు.